పెనాంగ్‌లో ఐదు రోజులు, పూటకో నూడుల్స్: అమ్మతో కలిసి తిన్నవన్నీ

ముందే చెప్పేస్తున్నా, ఆ తర్వాత చదివినా చదవకపోయినా మీ ఇష్టం. మలేషియాలో పెనాంగ్ దీవికి వెళ్తే అసం లక్సా, అంటే పుల్లటి చేపల పులుసు పోసిన నూడుల్స్, తినకుండా మాత్రం వెనక్కి రావద్దు. అందరూ చార్ క్వే తియావ్ చార్ క్వే తియావ్ అంటారు, అది మూకుట్లో వేయించిన నూడుల్స్, వీడియోల నిండా అదే, అది గొప్పది కాదని నేననట్లేదు, కానీ చేపల పులుసు తిని పెరిగిన మనలాంటివాళ్ళకి ఆ దీవిలో మొదటి మార్కు లక్సాకే పడుతుంది. మా అమ్మది కాకినాడ, చేపల పులుసు విషయంలో ఎవర్నీ ఒక పట్టాన ఒప్పుకోదు, చుట్టాలింట్లో కూడా ఒక ముద్ద తిని ఊరుకుంటుంది, అలాంటి మనిషి రోడ్డు పక్కన స్టూలు మీద కూర్చుని గిన్నె అడుగుదాకా తాగేసి ఇంకోటి చెప్పమంది. నాకైతే అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

మా తమ్ముడు కౌలాలంపూర్‌లో, అదే కేఎల్‌లో, ఉద్యోగం చేస్తాడు, మూడేళ్ళ నుంచి రమ్మంటున్నాడు, 2023 డిసెంబర్ నుంచి మనకి 30 రోజులు వీసా అక్కర్లేదు అన్నాక కూడా అమ్మ బయల్దేరడానికి ఇంత టైం పట్టింది. కేఎల్‌లో మూడు రోజులు ఉండి, కేఎల్ సెంట్రల్‌లో రైలు ఎక్కి నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం చేసి బటర్‌వర్త్‌లో దిగి, అక్కడ ఫెర్రీ ఎక్కి దీవి మీద ఉన్న పెద్ద ఊరు జార్జ్ టౌన్ వెళ్ళాం. 13 కిలోమీటర్ల పైన పొడవున్న బ్రిడ్జి కూడా ఉంది, 1985లో కట్టింది, కారులో అయితే దాని మీంచి పోవచ్చు, కానీ ఫెర్రీలోనే వెళ్ళండి, అమ్మకి యానాం రేవు గుర్తొచ్చింది. జార్జ్ టౌన్ పాత ఊరు మొత్తాన్ని మెలాకా అనే ఇంకో పాత ఊరితో కలిపి 2008లో యునెస్కో వాళ్ళు వారసత్వ జాబితాలో పెట్టారు కాబట్టి ఆ పాత మేడలు కూలగొట్టడానికి లేదు, ఆ మేడల కింద అరుగుల మీదే సగం బండ్లు ఉంటాయి.

మా ఇంట్లో తిండి లెక్కలు కూడా ముందే చెప్తా, ఎందుకంటే చదివే చాలామందికి ఇదే అసలు సమస్య. అమ్మ చేపలు, రొయ్యలు, కోడి తింటుంది, పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టదు. తమ్ముడికి, నాకు పంది మాంసం పర్వాలేదు. పెనాంగ్‌లో చైనీస్ బండ్ల మీద చాలా నూడుల్స్‌లో ముక్క కనపడకపోయినా పంది కొవ్వు ఉంటుంది, నూనెకి బదులు అదే వేసి వేయిస్తారు, పైన కరకరలాడే కొవ్వు పొక్కులు కూడా చల్లుతారు. కొన్ని చోట్ల పంది లేదు, పంది కొవ్వు లేదు అని బోర్డు పెడతారు, బోర్డు లేకపోతే ఉన్నట్టే అనుకుని అడగాలి. అడిగితే ఎవరూ విసుక్కోలేదు, మూడు నాలుగు మతాల వాళ్ళు పక్క పక్కన తినే ఊరు కదా, వాళ్ళకి ఈ ప్రశ్న రోజూ అలవాటే.

సరే లక్సా. కేఎల్‌లో తమ్ముడు మొదట లక్సా అని పెట్టించింది కొబ్బరి పాలు పోసిన కూరలాంటిది, పసుపు రంగులో, బాగానే ఉంది కానీ అమ్మ సగంలో ఆపేసింది, నూనె తేలుతోంది అంది. అందుకే పెనాంగ్‌లో మళ్ళీ లక్సా అనగానే వద్దు అంది. ఇది అది కాదమ్మా అని చెప్పి ఒప్పించి ఆయర్ ఇతమ్ తీసుకెళ్ళాం. కెక్ లోక్ సీ అని కొండ మీద పెద్ద బౌద్ధ గుడి ఉంటుంది, ఆ గుడికి వెళ్ళే దారిలో మార్కెట్ ఉన్న పేట అది, జార్జ్ టౌన్ నుంచి సిటీ బస్సులు ఉంటాయి. గుడి మెట్లన్నీ ఎక్కి దిగేసరికి మధ్యాహ్నం అయ్యింది, ఆకలి మీద ఉన్నాం, అది కూడా ఒక కారణం అయ్యుండొచ్చు కానీ తర్వాత రెండు రోజులు కడుపు నిండా ఉన్నప్పుడు తిన్నా అదే రుచి.

బండి ఆంటీ ఏం చేస్తోందో కాసేపు నిలబడి చూశాం. లావుపాటి తెల్లటి బియ్యపు నూడుల్స్, మన జంతికల గొట్టంలో పెద్ద బిళ్ళ పెట్టి వత్తినంత లావు, గిన్నెలో ఒక గుప్పెడు వేస్తుంది. పెద్ద తపేలాలోంచి మరిగే పులుసు ఆ గిన్నెలో పోసి, నూడుల్స్‌ని గరిటెతో అడ్డం పట్టి మళ్ళీ తపేలాలోకే వంపేస్తుంది, మళ్ళీ పోస్తుంది, మళ్ళీ వంపుతుంది, ఇలా నాలుగైదు సార్లు. నూడుల్స్ చల్లగా ఉంటే పులుసు చల్లారిపోతుంది కదా, అందుకని ముందు వాటికి వేడి పట్టిస్తుందన్నమాట. ఆ తర్వాత సన్నగా తరిగిన కీరా, ఉల్లిపాయ, అనాస ముక్కలు, పుదీనా, ఎర్ర మిరపకాయ ముక్కలు పైన వేసి ఆఖరిసారి పులుసు పోస్తుంది. పులుసు అంటున్నా కానీ చారుకీ పులుసుకీ మధ్యలో ఉంటుంది, చేప ముక్కలుగా ఉండదు, ఉడికించి ముళ్ళు తీసేసి చిదిమి పులుసులోనే కలిపేస్తారు, అందుకే చిక్కదనం చేపదే, కొబ్బరి ఒక్క చుక్క ఉండదు.

పులుపు దేనితో వస్తుందా అని అమ్మ వాళ్ళ ముందే వాసన చూసి ఇది ఒక్క చింతపండు కాదు అంది. కరెక్టే. అసం కెపింగ్ అని ఎండబెట్టిన పుల్ల కాయ ముక్కలు వేస్తారు, కేరళ వాళ్ళు చేపల కూరలో వేసే కుడంపులి జాతిదే, చింతపండు కూడా కలిపేవాళ్ళు ఉన్నారు. దాంతోపాటు నిమ్మగడ్డి, గలంగల్ అనే అల్లంలాంటి దుంప, రొయ్యల ముద్ద, దావున్ కెసుమ్ అని ఒక ఆకు, అన్నిటికంటే ముఖ్యం బుంగా కంతాన్ అని గులాబీ రంగులో ఉండే మొగ్గ. ఇది కూడా అల్లం కుటుంబం మొక్కదే, మొగ్గని సన్నగా తరిగి వేస్తారు, ఆ వాసన మన వంటల్లో ఎక్కడా లేదు కాబట్టి దేనితో పోల్చాలో నాకు తెలియట్లేదు, పువ్వు వాసన, నిమ్మ వాసన కలిసి ముక్కులోకి వస్తాయి. ఇక పక్కన చిన్న చెంచాలో నల్లటి పాకంలాంటిది ఇస్తారు, దాని పేరు హే కో, రొయ్యల ముద్దని తియ్యగా బంకగా మరిగించింది. ఎండు రొయ్యల వాసన వస్తుంది, కొత్తవాళ్ళు భయపడతారట, మేం గోదావరి జిల్లా వాళ్ళం, మాకేం భయం. మొదట అది కలపకుండా రెండు చెంచాలు తాగండి, తర్వాత కలపండి, ఉత్త పులుపు కాస్తా ఒక్కసారి తీపి, ఉప్పు, కారం అన్నీ వచ్చి చేరతాయి.

అమ్మ ఏమందంటే "పులుసు మరిగింది, మాగింది, తొందరపడలేదు" అంది. మా ఇంట్లో అది పెద్ద మాట. మర్నాడు తింటే పులుసు రుచి అంటారు కదా మనవాళ్ళు, ఆ మర్నాటి రుచి ఉంది దాంట్లో.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా సంతోషం అనిపించింది. లక్సాలో వేసే చేపని అక్కడ ఇకాన్ కెంబుంగ్ అంటారు, మార్కెట్లో చూస్తే అవి మన కానాగంతలే. మన కానాగంతకి సైన్సులో ఉన్న పేరు రాస్ట్రెల్లిగర్ కానగుర్త, ఆ కానగుర్త అన్న మాట తెలుగుదే. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు మన విశాఖపట్నం తీరంలో చేపల్ని బొమ్మలు గీయించి, జాలర్లు పిలిచే తెలుగు పేర్లతోనే 1803లో పుస్తకం వేశాడు, తర్వాత 1816లో కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పేరునే ఖాయం చేశాడు. తమ్ముడు ఫోన్లో చూపిస్తే అమ్మ ఆ చేపలమ్మే అతనికి తెలుగులోనే "ఇది మా చేప" అని చెప్పింది, అతను నవ్వి తల ఊపాడు.

సీఎన్‌ఎన్ వాళ్ళు 2011లో ప్రపంచంలో రుచికరమైన 50 వంటలని ఒక లిస్టు వేస్తే పెనాంగ్ అసం లక్సాకి 7వ స్థానం ఇచ్చారు, అది ఇప్పటికీ అక్కడ గొప్పగా చెప్పుకుంటారు. ఇచ్చినా ఇవ్వకపోయినా నాకు తేడా లేదు.

రెండో లక్సా బాలిక్ పులావ్‌లో తిన్నాం, అది దీవికి అవతలి వైపు, కొండ దాటి వెళ్ళాలి. అక్కడికి వెళ్ళమని చెప్పింది మా ట్యాక్సీ అతను. మేం ముగ్గురం మాట్లాడుకుంటుంటే అద్దంలోంచి చూసి "తెలుగోళ్ళా?" అని అడిగాడు, మాకు నోట మాట రాలేదు. వాళ్ళ ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి తోటల పనికి వచ్చారట, పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ వైపు వాళ్ళ ఊరు, అక్కడ ఇప్పటికీ తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, మలేషియా తెలుగు సంఘం 1955 నుంచీ ఉంది. అతను "కూడు తిన్నారా" అని అడిగాడు, అమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ మాట తన నాయనమ్మ నోట విన్నదే కానీ ఈమధ్య మా వైపు కూడా ఎవరూ అనట్లేదు. టూరిస్టులందరూ టౌన్లోనే తింటారు, బాలిక్ పులావ్ వెళ్ళండి, అక్కడ రెండు రకాల లక్సా పక్కపక్కనే దొరుకుతాయి అన్నాడు. నిజమే, ఒకటి అసం, ఇంకోటి సియామ్ లక్సా, అంటే థాయ్ పద్ధతిలో కొబ్బరి పాలు పోసింది. రెండూ కలిపి సగం సగం కూడా పోయించుకోవచ్చు, తమ్ముడు అదే తిన్నాడు. నాకు అసమే ఇష్టం, కానీ కారం, పులుపు పడని పిల్లలుంటే సియామ్ తీసుకోండి. అక్కడే జాజికాయ జ్యూస్ ఇస్తారు, మనం గింజ మాత్రమే వాడతాం కానీ వాళ్ళు కాయ కండతో రసం చేస్తారు, ఎండన పడి వెళ్ళాక అది తాగితే ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు చార్ క్వే తియావ్. చార్ అంటే వేయించడం, క్వే తియావ్ అంటే వెడల్పుగా రిబ్బన్లలా ఉండే బియ్యపు నూడుల్స్. రొయ్యలు, గుడ్డు, పెసర మొలకలు, ఉల్లికాడల్లాంటి ఒక ఆకు, చైనీస్ సాసేజ్ ముక్కలు, సోయా సాస్, మిరపకాయ ముద్ద, చివర్లో గుల్లల మాంసం, ఇంతే. పూర్వం సముద్రంలో గుల్లలు ఏరేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు సాయంత్రం పూట అదనపు సంపాదన కోసం దీన్ని వేయించి అమ్మేవాళ్ళట, కూలి పనులు చేసుకునేవాళ్ళకి చవగ్గా కడుపు నిండే తిండి, అందుకే కొవ్వు అంత ఎక్కువ. అదే రకం గుల్లలు మన కాకినాడ అఖాతంలోనూ దొరుకుతాయి, మా వైపు ఎక్కువగా సున్నం కాల్చడానికే పోయేవి, అక్కడ ప్లేటులో చూసి అమ్మ ఆశ్చర్యపోయింది.

దీని రుచంతా మూకుడు వేడిలో ఉంది. సియామ్ రోడ్డులో బొగ్గుల మీద వేయించే బండి ఉంది, పెనాంగ్ గురించి రాసే ప్రతివాళ్ళూ దాని పేరు రాస్తారు, మేమూ వెళ్ళి లైన్లో నిలబడ్డాం, నలభై నిమిషాలు పట్టింది. ఎందుకంత సేపు అంటే ఒకసారికి కొద్ది ప్లేట్లే వేయిస్తారు. ఇనప మూకుడు నిప్పులా కాలి ఉన్నప్పుడు కొద్దిగా నూడుల్స్ పడితే వేసిన వెంటనే తడి ఆవిరైపోయి అంచులు కాలతాయి, ఆ పొగ వాసనే నూడుల్స్‌కి పడుతుంది, దాన్ని వోక్ హే అంటారు. అదే ఒకేసారి ఎక్కువ వేస్తే మూకుడు చల్లబడిపోతుంది, నూడుల్స్ వేగవు, వాటి నీళ్ళలో అవే ఉడుకుతాయి, ముద్దయిపోతాయి. మన దగ్గర పునుగుల బండివాడు నూనె కాగకముందే పిండి వేసేస్తే ఎలా ఉంటాయో అలాగ. కాబట్టి లైను పొడుగ్గా ఉంది అని తిట్టుకోవద్దు, లైను కదలట్లేదు అంటే సరిగ్గా చేస్తున్నట్టే.

ఆ తేడా మాకు రెండో రోజు రాత్రి బాగా తెలిసొచ్చింది. ఒక రాత్రి బజారులో, పేరు చెప్పను, జనం తక్కువగా ఉన్న బండి చూసి కూర్చున్నాం, అతను ఐదారు ప్లేట్లకి సరిపడా ఒకేసారి గుమ్మరించి గ్యాస్ పొయ్యి మీద తిప్పాడు, నల్లగా తడిగా సోయా సాస్ వాసన తప్ప ఏం లేదు, పైగా పెద్ద రొయ్యలు వేశానని చెప్పి బోర్డు మీద ఉన్నదానికి దాదాపు డబుల్ తీసుకున్నాడు. మేం పెద్ద రొయ్యలు అడగలేదు. డబ్బుల కంటే కూడా, ఎవరైనా మొదటిసారి వచ్చి ఆ ప్లేటే తిని ఇదేనా చార్ క్వే తియావ్ అనుకుని వెళ్ళిపోతారే అని బాధేసింది. ముందే ధర అడిగేయండి, చిన్నది పెద్దది అని బోర్డు మీద రెండు రేట్లు ఉంటే ఏది కావాలో వేలు పెట్టి చూపించండి.

గుల్లల గురించి ఒక మాట. సగం ఉడికించే వేస్తారు, ఎర్రటి రసం కారుతూ ఉంటే రుచి అంటారు వాళ్ళు. కానీ సగం ఉడికిన గుల్లలతో కామెర్లు, కడుపు జబ్బులు వచ్చే అవకాశం నిజంగా ఉంది, ప్రయాణంలో ఉన్నవాళ్ళు, పిల్లలు, పెద్దవాళ్ళు మానేయడమే మంచిది. తక్ మావ్ కెరాంగ్ అంటే గుల్లలు వద్దు అని, చక్కగా తీసేస్తారు. అమ్మకి అలాగే చెప్పాం. బాతు గుడ్డు వేసేవాళ్ళు కూడా ఉన్నారు, ఒక రింగిట్టో (అక్కడి డబ్బు) ఎంతో ఎక్కువ, వేయించుకోండి, చిక్కగా పట్టుకుంటుంది నూడుల్స్‌ని.

అమ్మకి కొవ్వు లేకుండా కావాలి కదా, దానికి మలయ్ ముస్లింల బండి వెతికాం. వాళ్ళది కాస్త తడిగా, గ్రేవీలాగా, కారంగా ఉంటుంది, చైనీస్ వాళ్ళలా పొడిగా ఉండదు. నా నోటికి చైనీస్ వాళ్ళదే ఎక్కువ, అమ్మకి ఇదే నచ్చింది, ఇందులో తప్పు ఒప్పు లేదు.

పేర్లతో జాగ్రత్త, అక్కడ మీ అంటే నూడుల్స్. హోక్కియెన్ మీ అని కేఎల్‌లో అడిగితే లావుపాటి పసుపు నూడుల్స్ నల్ల సోయా సాస్‌లో వేయించి ఇస్తారు, పెటాలింగ్ స్ట్రీట్‌లో కిమ్ లియన్ కీ అని 1927 నుంచీ చేస్తున్నవాళ్ళు ఉన్నారు. అదే పేరు పెనాంగ్‌లో చెప్తే ఎర్రటి రొయ్యల సూప్ వస్తుంది. సింగపూర్‌లో మళ్ళీ ఇంకోటి. మా తమ్ముడు మూడేళ్ళుగా కేఎల్‌లో ఉండి కూడా పెనాంగ్‌లో గిన్నె రాగానే వేరేవాళ్ళది మనకి ఇచ్చారేమో అని వెనక్కి ఇవ్వబోయాడు. పెనాంగ్ హోక్కియెన్ మీ నాకు రెండో స్థానం. మనం రొయ్యలు వలిచి తలలు, పొట్టు పారేస్తాం కదా, వాళ్ళు వాటినే వేయించి, పంది ఎముకలతో కలిపి గంటల తరబడి మరిగిస్తారు, ఎరుపు రంగూ రుచీ అంతా ఆ తలల్లోదే. పసుపు నూడుల్స్, సన్న బియ్యపు నూడుల్స్ రెండూ కలిపి వేయించుకోవచ్చు, పైన సగం గుడ్డు, తూటికూర జాతి ఆకు, మొలకలు, వేయించిన ఉల్లిపాయలు, పక్కన కారం ముద్ద. అమ్మ దీన్ని తినలేకపోయింది, అది ఒక్కటే నా బాధ. ఇంటికొచ్చాక రొయ్యల తలలు పారేయకుండా చారు పెడదాం అంది మాత్రం.

మీ గోరెంగ్ మామక్ గురించి చెప్పకపోతే తప్పు. మామక్ అంటే తమిళ ముస్లింలు, వందేళ్ళ పైనే అక్కడ ఉన్నవాళ్ళు, వాళ్ళ దగ్గర పంది ఊసే ఉండదు కాబట్టి మనవాళ్ళు చాలామంది నిశ్చింతగా తినేది అక్కడే. చైనీస్ పసుపు నూడుల్స్‌ని మన పద్ధతిలో చేసేశారు, ఉడికించిన బంగాళాదుంప, టోఫు, పిండి వడల ముక్కలు, గుడ్డు, మొలకలు, ఎర్రటి తియ్యటి కారం, పైన కలమారి, అంటే స్క్విడ్, కూర, పక్కన చిన్న నిమ్మకాయ. బ్యాంకాక్ లేన్ మీ గోరెంగ్ అంటే పెనాంగ్‌లో ఎవరైనా దారి చెప్తారు. నిమ్మకాయ పిండకుండా తినొద్దు, ఆ తీపికి పులుపు పడితేనే నిలబడుతుంది. మన ఊళ్ళో ఫాస్ట్‌ఫుడ్ బండి మీద నూడుల్స్‌కి దగ్గర చుట్టం అనిపించింది కానీ దీంట్లో అజినొమోటో ఘాటు లేదు, బంగాళాదుంప వల్ల ఒక మెత్తదనం ఉంది. కలమారి వద్దంటే తీసేస్తారు, గుడ్డు తినే శాకాహారులకి ఇదొక దారి, కానీ ఆ కారం ముద్దలో రొయ్యలు ఉన్నాయేమో తప్పకుండా అడగండి, అక్కడ సగం కారాల్లో ఉంటాయి. పూర్తి శాకాహారులైతే లిటిల్ ఇండియా వీధుల్లో ఇడ్లీ దోసెలు దొరుకుతాయి, చైనీస్ వాళ్ళ శాకాహార బండ్లు కూడా ఉన్నాయి, మామూలుగా అక్టోబర్ ప్రాంతంలో తొమ్మిది రోజుల దేవతల పండగ వస్తుంది, అప్పుడు వెళ్తే పసుపు జెండాలు కట్టిన బండ్లన్నీ శాకాహారమే.

వాన్ టాన్ మీ, క్వే తియావ్ సూప్, లోర్ మీ కూడా తిన్నాం. సూప్ బాగుంది, తేలిగ్గా, జ్వరం వచ్చిన రోజు తినేలా. లోర్ మీ నాకు జిగురుగా అనిపించింది, రెండోసారి తినను. కర్రీ మీ పొద్దున్నే తినేది, కొబ్బరి పాలతో, దాంట్లో పంది రక్తం గడ్డకట్టించిన ముక్కలు వేస్తారు, ముందే చెప్తున్నా.

కొపితియామ్ అంటే పాత కాఫీ హోటల్, దాని పద్ధతి మొదట అర్థం కాదు. కాఫీ, టీ హోటలు ఓనర్‌వి, లోపల, ముందు ఉన్న బండ్లు ఒక్కొక్కటి ఒక్కొక్కరివి, అద్దెకి పెట్టుకున్నవాళ్ళు. మీరు కూర్చున్న టేబుల్ నంబర్ చూసుకుని, ఏ బండి దగ్గర ఏది కావాలో చెప్పి వచ్చి కూర్చోవాలి, తెచ్చిపెట్టినప్పుడు డబ్బులివ్వాలి. ఎవరైనా ఒకరు డ్రింక్ తీసుకోవడం మర్యాద, కొన్ని చోట్ల తీసుకోకపోతే కూర్చున్నందుకు కొంచెం వసూలు చేస్తామని రాసి ఉంటుంది. అది అన్యాయం కాదు, ఓనర్‌కి వచ్చేది దాని మీదే. కాఫీలో డబ్బా పాలు పోసి బాగా తియ్యగా ఇస్తారు, కురాంగ్ మానిస్ అంటే తీపి తగ్గించమని. ఇంటికి కట్టివ్వమనడానికి తపావ్ అనాలి. వండేవాళ్ళని అంకుల్, ఆంటీ అని పిలిస్తే చాలు, మామక్ దగ్గర అందరూ బాస్ అంటారు.

నాకు బాగా నచ్చింది ఏంటంటే ఒక మనిషి ఒకే వంట చేస్తాడు. బోర్డు మీద ఒకటే పేరు, చిన్నది పెద్దది, అంతే. ముప్పై నలభై ఏళ్ళు అదే మూకుడు దగ్గర అదే వంట చేస్తే చెయ్యి ఎలా తిరుగుతుందో ఆ అంకుల్‌ని చూస్తే తెలుస్తుంది, ఉప్పు కొలవడు, గరిటె చప్పుడు కూడా ఒకే లయలో ఉంటుంది. మన దగ్గర కూడా ఒకప్పుడు పెసరట్టు అంటే ఈయన, పులుసు అంటే ఈవిడ అని ఉండేది, ఇప్పుడు ప్రతి బండి మీదా నలభై ఐటమ్స్. పెనాంగ్‌లో కూడా ఇది ఎంతకాలం ఉంటుందో అని భయంగానే ఉంది, చాలా బండ్ల దగ్గర వండేవాళ్ళకి అరవై దాటాయి, పక్కన నేర్చుకునేవాళ్ళు కనపడలేదు. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం 2016 నుంచి బండ్ల మీద స్థానిక వంటలు విదేశీ పనివాళ్ళు వండకూడదని రూల్ పెట్టింది, రుచి పోతుందని. నాకు ఆ రూల్ నచ్చలేదు. నేర్పితే ఎవరికైనా వస్తుంది, నేర్చుకునే మనిషి దొరకడమే కష్టం, ఎక్కడినుంచి వచ్చాడన్నది తర్వాత సంగతి. 2022 డిసెంబర్‌లో హోటళ్ళకి మార్కులేసే మిషెలిన్ గైడ్ వాళ్ళు కేఎల్, పెనాంగ్‌లకి కలిపి మొదటి లిస్టు ప్రకటించారు, దాంట్లో బండ్లు కూడా ఉన్నాయి, దానివల్లనైనా పిల్లలు ఆ పని చేపడితే సంతోషం.

ఎండకి చెండోల్ తాగండి, పెనాంగ్ రోడ్డు పక్క సందులో, లెబూ కెంగ్ క్వీలో, తియోచ్యూ చెండోల్ 1936 నుంచి ఉంది. తురిమిన ఐసు, కొబ్బరి పాలు, తాటిబెల్లంలాంటి నల్లబెల్లం పాకం, రాజ్మాలాంటి గింజలు, పండాన్ ఆకు రసంతో చేసిన పచ్చటి పురుగుల్లాంటి జెల్లీ. అమ్మ ఆ రంగు చూసి ముఖం తిప్పుకుంది, బెల్లం వాసన తగిలాక గిన్నె లాక్కుంది.

ఖర్చు చెప్తా. మేం వెళ్ళినప్పుడు రింగిట్ అంటే సుమారు 20 రూపాయలు. అప్పుడు లక్సా 7 రింగిట్లు, హోక్కియెన్ మీ 7, చార్ క్వే తియావ్ 8 నుంచి 12 మధ్య, చెండోల్ 5 దాకా. ముగ్గురం రోజంతా తిన్నా రెండు వేల రూపాయలు దాటలేదు. బండ్లకి వారంలో ఏదో ఒక రోజు సెలవు, సరుకు అయిపోతే మధ్యలోనే మూసేస్తారు, కాబట్టి ఒక్కదాని కోసమే ఊరు దాటి వెళ్ళేటట్టయితే ముందు ఎవరినైనా అడిగి వెళ్ళండి. చిల్లర నోట్లు ఉంచుకోండి. ప్లేట్లు చిన్నవి, అందుకే పూటకి రెండు మూడు రకాలు తినొచ్చు, ముగ్గురు కలిసి పంచుకుంటే ఇంకా మంచిది.

వచ్చేముందు అమ్మ మార్కెట్లో అసం కెపింగ్ ప్యాకెట్టు, హే కో సీసా కొనుక్కుంది, సీసాని మూడు కవర్లలో చుట్టి చీరల మధ్య పెట్టింది. కాకినాడ వచ్చిన వారానికి కానాగంతలు తెప్పించి చేసింది. నిమ్మగడ్డి పెరట్లో ఉంది, దావున్ కెసుమ్ లేదు, కంతాన్ మొగ్గ లేదు, బియ్యపు నూడుల్స్‌కి బదులు జంతికల గొట్టంతో బియ్యప్పిండి వత్తి ఆవిరి పట్టింది. పులుపు వచ్చింది, చిక్కదనం వచ్చింది, నాన్న రెండు గిన్నెలు తిన్నాడు. అమ్మ మాత్రం చెంచా పక్కన పెట్టి, తమ్ముడికి ఫోన్ చేసి, ఈసారి వచ్చేటప్పుడు ఆ గులాబీ మొగ్గలు తీసుకురావడానికి కుదురుతుందేమో కనుక్కోరా అంది.